సిన్స్‌హైమ్ మ్యూజియంలో కాంకార్డ్, టీయూ-144: నిలిచి ఉన్న విమానంలో వేగాన్ని ఎక్కడ చూడాలి?

భీమిలి టీచరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ప్రతి సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లలను బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లి, ఉదయం పూట కుర్సురా జలాంతర్గామిని, ఆ తర్వాత రోడ్డుకు అవతలి వైపున ఉన్న టీయూ-142 విమానాన్ని చూపించడం మా పాఠశాలలో ఆనవాయితీగా వస్తోంది. ఈసారి విమానం లోపల తిరుగుతున్నప్పుడు ఒక అమ్మాయి నన్ను ఆపి, "టీచర్, ధ్వని కంటే రెండు రెట్లు వేగంగా ప్రయాణికులను తీసుకువెళ్లే విమానం ఒకప్పుడు ఉండేదని మా తాతయ్య చెప్పారు. అంత మంచిది దొరికాక దాన్ని ఎందుకు ఆపేశారు?" అని అడిగింది. నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాను గాని, ఆ సమాధానం ఆ అమ్మాయికే కాదు, నాకు కూడా తృప్తినివ్వలేదు.

మా అబ్బాయి జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవుల్లో నేను అక్కడికి వెళ్తున్నాను. అక్కడికి దగ్గరలోనే ఉన్న సిన్స్‌హైమ్ పట్టణపు టెక్నిక్ మ్యూజియంలో అలా ధ్వనిని మించి ఎగిరిన ప్రయాణికుల విమానాలు, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన కాంకార్డ్, సోవియట్ దేశపు టీయూ-144 రెండూ పక్కపక్కనే ఉన్నాయని, ఆ రెంటినీ ఒకేచోట చూడగలిగేది అక్కడ మాత్రమేనని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదంటే అతిశయోక్తి కాదు.

నా ఇబ్బంది ఒక్కటే. కదలకుండా నిలబెట్టిన విమానాన్ని చూసి, అది ఎగిరిన తీరును గ్రహించడం నాకు చేతకావడం లేదు. మన టీయూ-142లో కూడా సీట్లు, తీగలు, మీటర్లు చూసి బయటికి వచ్చేస్తున్నామే గాని, "ఈ భాగం ఇలాగే ఎందుకు ఉంది" అన్న ప్రశ్నకు జవాబు పిల్లల చేత చెప్పించలేకపోతున్నాను. కాబట్టి ఆ రెండు విమానాల దగ్గరకు వెళ్లినప్పుడు నేను ప్రత్యేకంగా ఏ భాగాలను గమనించాలో, వాటిని తొమ్మిదో తరగతి స్థాయిలో ఎలా వివరించవచ్చో తెలిసినవారు చెప్పగలరా? అలాగే మన టీయూ-142కూ ఆ టీయూ-144కూ ఏమైనా చుట్టరికం ఉందా? అంకెలు చూస్తే అన్నదమ్ముల్లా కనిపిస్తున్నాయి.

మర్రిపాలెం విశ్రాంత నావికుడు

అమ్మా, నమస్కారం. నేను నౌకాదళ విమాన విభాగంలో సాంకేతిక సిబ్బందిలో ఒకడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అరక్కోణంలో ఉన్న కాలంలో టీయూ-142 విమానాల మీద చేయివేసి పనిచేసే భాగ్యం నాకు దక్కింది. మీరు పిల్లలను ఆ విమానం దగ్గరకు తీసుకువెళ్తున్నారని చదివి చాలా సంతోషించాను. 1988లో నౌకాదళంలో చేరి, 2017 మార్చి 29న అరక్కోణంలో సెలవు తీసుకునే వరకు 29 సంవత్సరాలపాటు ఒక్క ప్రమాదం కూడా లేకుండా 30,000 గంటలు ఎగిరిన విమానశ్రేణి అది. అదే సంవత్సరం డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతుల మీదుగా బీచ్ రోడ్డులో మ్యూజియంగా మారింది.

ముందుగా చుట్టరికం సంగతి. రెండూ టుపోలెవ్ సంస్థ రూపొందించినవే అయినా, అంకెలు పక్కపక్కన పడటం తప్ప శరీర నిర్మాణంలో వాటికి పోలిక లేదు. మన టీయూ-142కు మూలం 1952లో మొదటిసారి ఎగిరిన టీయూ-95 అనే బాంబర్. దాన్ని సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాములను వెతకడానికి అనువుగా మలిచారు. టీయూ-144 మాత్రం పెద్దాయన ఆంద్రేయ్ టుపోలెవ్ కుమారుడు అలెక్సేయ్ టుపోలెవ్ నాయకత్వంలో తయారై, 1968 డిసెంబరు 31న, అంటే కాంకార్డ్ కంటే రెండు నెలల ముందే గాలిలోకి లేచిన ప్రయాణికుల విమానం. ఒక చిన్న బంధుత్వం మాత్రం ఉంది. మన విమానానికి ఉన్న ఎన్‌కే-12 ఇంజిన్లనూ, టీయూ-144కు మొదట అమర్చిన ఎన్‌కే-144 ఇంజిన్లనూ తయారుచేసింది ఒకే కుజ్‌నెత్సోవ్ సంస్థ.

ఇక మీ అసలు ప్రశ్న. నిలిచి ఉన్న విమానంలో వేగాన్ని చూడలేము, నిజమే. కాని వేగం పుట్టించిన వేడి కోసం ఆ విమానంలో చేసిన ఏర్పాట్లను చూడవచ్చు. నా అభిప్రాయంలో కాంకార్డ్‌ను చదవడానికి తాళంచెవి వేడి ఒక్కటే. ఈ లెక్కను మీ పిల్లలే చేయగలరు. విమానం ముక్కుకు ఎదురైన గాలి అక్కడ ఆగిపోయినప్పుడు దాని గతిశక్తి అంతా ఉష్ణంగా మారుతుంది. కాబట్టి ఉష్ణోగ్రతలో పెరుగుదల కావాలంటే వేగం వర్గాన్ని, గాలి విశిష్టోష్ణానికి రెట్టింపు అయిన 2,010తో భాగిస్తే సరిపోతుంది. మన టీయూ-142 గంటకు 700 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 194 మీటర్ల చొప్పున వెళ్తున్నప్పుడు పెరుగుదల సుమారు 19 డిగ్రీలు. అంత ఎత్తున గాలి సున్నాకు 56 డిగ్రీలు దిగువన ఉంటుంది కనుక ముక్కు దగ్గర ఇంకా మైనస్ 37 డిగ్రీల గడ్డకట్టే చలే. కాంకార్డ్ వేగం ధ్వనివేగానికి రెండు రెట్లకు కాస్త పైన, సెకనుకు దాదాపు 596 మీటర్లు. ఆ లెక్కన పెరుగుదల 177 డిగ్రీలు, ముక్కు దగ్గర ఉష్ణోగ్రత ప్లస్ 120 డిగ్రీలు. వేగం మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లవుతుందని పిల్లలు తమ చేతులతోనే కనుక్కుంటారు. నిజమైన విమానంలో ముక్కు ఉష్ణోగ్రత 127 డిగ్రీలు దాటకూడదని పరిమితి విధించారు. విమానం ఇంకా వేగంగా వెళ్లకుండా ఆపింది ఇంజిన్ల శక్తి కాదు, ఈ పరిమితే. దీన్ని చాలామంది గాలి రాపిడి అంటారు గాని, ఎక్కువ భాగం గాలి నలిగిపోయి వేడెక్కడమే. సైకిల్ పంపు అడుగు భాగం వేడెక్కినట్లు అని చెప్పండి, వారికి వెంటనే అందుతుంది.

ఈ 127 డిగ్రీల నుంచే మిగిలినవన్నీ వస్తాయి. మామూలు విమాన అల్యూమినియం ఆ వేడిలో వేల గంటలు నిలబడితే మెల్లమెల్లగా సాగిపోతుంది. అందుకని ఇంజిన్ భాగాల కోసం మొదట తయారైన ఆర్‌ఆర్-58 అనే రాగి కలిసిన అల్యూమినియం మిశ్రమాన్ని కాంకార్డ్ శరీరానికి వాడారు. తెల్లరంగు అందం కోసం వేసినది కాదు, వేడిని తిరిగి వెదజల్లడానికి వేసినది. 1996లో పెప్సీ ప్రచారం కోసం ఎయిర్ ఫ్రాన్స్ వారి ఒక కాంకార్డ్‌కు నీలిరంగు వేసినప్పుడు, రెండు మాక్‌ల వేగంలో, అంటే ధ్వనివేగానికి రెండు రెట్ల వేగంలో, 20 నిమిషాలకు మించి ఉండకూడదని నిబంధన పెట్టవలసి వచ్చింది. మన మండువేసవిలో డాబాల మీద తెల్ల సున్నం వేయించేవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు.

వేడెక్కిన లోహం వ్యాకోచిస్తుంది. కాంకార్డ్ పొడవు సుమారు 62 మీటర్లు. మీ పాఠ్యపుస్తకంలోని అల్యూమినియం దైర్ఘ్య వ్యాకోచ గుణకంతో, వంద డిగ్రీల తేడాకు గుణించి చూడండి, దాదాపు 14 సెంటీమీటర్లు వస్తుంది. విమానం గురించి రాసినవారు 15 నుంచి 25 సెంటీమీటర్ల వరకు చెబుతారు. ఎగురుతున్నప్పుడు కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ పలకకూ దాని పక్కనున్న గోడకూ మధ్య చేయి పట్టేంత సందు ఏర్పడేది, నేలకు దిగి చల్లారాక ఆ సందు మూసుకుపోయేది. కొందరు ఇంజనీర్లు తమ చివరి ప్రయాణంలో ఆ సందులో టోపీ పెట్టి వదిలేశారు. విమానం మళ్లీ వేడెక్కితే తప్ప ఆ టోపీ బయటికి రాదు. ఇంత చక్కని వ్యాకోచ పాఠం నేను మరెక్కడా చూడలేదమ్మా.

మరొక్క సంగతి చెప్పి ఆపుతాను. ధ్వనివేగం దాటగానే రెక్కల మీద గాలి ఎత్తే బలం వెనక్కి జరుగుతుంది, దాంతో ముక్కు కిందికి వాలుతుంది. వెనుక చిన్న రెక్కలు లేని ఈ విమానంలో దాన్ని సరిచేయడానికి సుమారు 20 టన్నుల ఇంధనాన్ని ముందరి ట్యాంకుల నుంచి తోక దగ్గరి ట్యాంకులోకి పంపి, గరిమనాభినే వెనక్కి జరిపేవారు. వేగం తగ్గేటప్పుడు మళ్లీ ముందుకు పంపేవారు. పిల్లలకు దీన్ని కుర్సురాలోనే చూపించవచ్చు. జలాంతర్గామి ముందు, వెనుక ట్యాంకుల మధ్య నీటిని అటూ ఇటూ పంపి సమతూకంలో నిలబెట్టే పద్ధతికీ దీనికీ సూత్రం ఒకటే.

హైల్‌బ్రాన్‌లో విశాఖవాసి

టీచర్ గారికి నమస్కారం. నాది కూడా విశాఖే, మాధవధార. ఏడేళ్లుగా హైల్‌బ్రాన్ ప్రాంతంలో ఉంటున్నాను. సిన్స్‌హైమ్‌కు ఇప్పటివరకు నాలుగుసార్లు వెళ్లాను, ఊరి నుంచి ఎవరు వచ్చినా మొదట తీసుకువెళ్లేది అక్కడికే. ఎస్-బాన్ రైలులో వెళ్తే మ్యూజియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అక్కడ దిగి నడిచిపోవచ్చు. సంవత్సరంలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. రైలు మలుపు తిరగగానే భవనం పైకప్పు మీద రెండు తెల్లటి కొంగలు ఎగరబోతున్నట్లు ముక్కులు పైకెత్తి కనిపిస్తాయి. ఆ క్షణంలో మీరు కిటికీ వైపు కూర్చుని ఉండేలా చూసుకోండి.

అక్కడి కాంకార్డ్ ఎయిర్ ఫ్రాన్స్ వారిది, దాని నమోదు గుర్తు ఎఫ్-బీవీఎఫ్‌బీ. 2003 జూన్ 24న కార్ల్స్‌రూహె సమీపంలోని విమానాశ్రయానికి తన చివరి ప్రయాణం చేసి, అక్కడి నుంచి రైన్ నదిలో బల్లకట్టు మీద, ఆ తర్వాత రోడ్డు మీద సిన్స్‌హైమ్ చేరింది. టీయూ-144 అంతకు ముందే రష్యా నుంచి ఓడలో వచ్చి చేరింది. మన టీయూ-142ను నౌకాదళ విమాన స్థావరంలో భాగాలుగా విడదీసి బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ అమర్చిన రోజుల్లో నేను విశాఖలోనే ఉన్నాను. దారి పొడవునా జనం నిలబడి చూసిన ఆ దృశ్యం గుర్తున్నవారికి, అరవై మీటర్ల విమానం నదిలో పడవలా రావడం ఎంత పెద్ద పనో తేలిగ్గానే అర్థమవుతుంది.

మెట్లెక్కి రెండు విమానాల లోపలికీ వెళ్లవచ్చు. అవి ముక్కు ఎత్తి అమర్చి ఉండటం వల్ల లోపల నడవా ఏటవాలుగా ఉంటుంది, కొండ ఎక్కినట్లే నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు తోడుగా వస్తే ఈ సంగతి ముందే చెప్పండి. కాంకార్డ్‌లోకి అడుగుపెట్టగానే మొట్టమొదట తోచేది, ఇంత ఇరుకా అని. లోపలి వెడల్పు రెండున్నర మీటర్లకు కాస్త పైన, నడవాకు ఇరువైపులా రెండేసి సీట్లు మాత్రమే, మొత్తం సుమారు వంద మంది ప్రయాణికులు. కిటికీలు అరచేయంత ఉంటాయి. ఆ చిన్నతనానికి కారణం ఎత్తు. 18 కిలోమీటర్ల ఎత్తున, అంటే మన మామూలు విమానాలు ఎగిరే చోటి కంటే ఇంకా ఆరేడు కిలోమీటర్ల పైన ఒక కిటికీ పగిలితే లోపలి గాలి బయటికి పోయే వేగం తగ్గాలి, పైలట్లకు విమానాన్ని కిందికి దించే వ్యవధి దొరకాలి. కిటికీ ఎంత చిన్నదైతే ఆ వ్యవధి అంత ఎక్కువ. పైన మర్రిపాలెం మావయ్యగారు చెప్పిన వేడితోపాటు ఈ ఎత్తును కూడా మీ పాఠంలో చేర్చుకోండి.

బయటికి వచ్చాక రెండింటినీ పోల్చి చూడటమే అసలైన విందు. త్రికోణాకారపు రెక్క వేగంగా ఎగరడానికి బాగుంటుంది గాని, నెమ్మదిగా దిగేటప్పుడు ముక్కును బాగా పైకెత్తితేనే గాలిలో నిలుస్తుంది. అప్పుడు పైలట్‌కు రన్‌వే కనిపించదు. అందుకని రెండు విమానాలకూ ముక్కును కిందికి వంచే ఏర్పాటు చేశారు. కాంకార్డ్‌లో అది బయలుదేరేటప్పుడు 5 డిగ్రీలు, దిగేటప్పుడు 12.5 డిగ్రీలు వంగేది. కాక్‌పిట్ ముందు ఆ కీలు దగ్గరి గీతను తప్పక వెతకండి. టీయూ-144లో కాక్‌పిట్ వెనుక పైభాగాన మీసాల్లాంటి రెండు చిన్న రెక్కలు కనిపిస్తాయి. బయలుదేరేటప్పుడూ దిగేటప్పుడూ వాటిని చాచి, వేగం పుంజుకున్నాక మడిచేసేవారు. ముందు భాగాన్ని అవి ఎత్తి పట్టుకోవడం వల్ల వెనుక పలకలు రెక్కకు అదనపు బలాన్ని ఇచ్చే వీలు కలిగేది. కాంకార్డ్ రూపకర్తలు అదే పనిని రెక్క అంచును వంపులు తిప్పి సాధించారు. ఎదుటి అంచును పక్క నుంచి చూస్తూ మెల్లగా నడవండి, అది ఎక్కడా తిన్నగా ఉండదు. ఒకే కష్టానికి ఇద్దరు వెతుక్కున్న రెండు దారులు పది అడుగులు వేస్తే కళ్లముందు నిలుస్తాయి. రష్యా విమానం కాంకార్డ్‌కు నకలు అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది, కాని ఆ మీసాల కింద నిలబడి చూసిన తర్వాత నేను ఆ మాట అనలేకపోయాను.

ఇంకొక విషయం. 2024లో జర్మనీ నౌకాదళపు యూ-17 అనే జలాంతర్గామి కూడా సిన్స్‌హైమ్ చేరింది. విమానం, జలాంతర్గామి ఒకేచోట చూసి మన బీచ్ రోడ్డు గుర్తుకు వచ్చి నాకు మనసు నిండిపోయింది.

లాసన్స్ బే

2000లో పారిస్ దగ్గర కూలిపోయి అంతమంది చనిపోయినందువల్లనే కాంకార్డ్‌ను ఆపేశారని నేను చదివాను. టీచర్ గారి విద్యార్థినికి చెప్పవలసిన సమాధానం అదే కదా? ప్రాణాల కంటే వేగం ముఖ్యం కాదని అందరూ గ్రహించారు.

మధురవాడ

లాసన్స్ బే గారూ, ఆ ప్రమాదం ఒక కారణమే గాని, అదే మొత్తం కారణమని పిల్లలకు చెప్పడం సరికాదని నా మనవి. 2000 జూలై 25న గోనెస్ అనే ఊరి దగ్గర జరిగిన ఆ ప్రమాదంలో విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. రన్‌వే మీద పడివున్న లోహపు ముక్క టైరును చీల్చగా, ఎగిరివచ్చిన టైరు ముక్క ఇంధన ట్యాంకుకు తగిలింది. ఆ తర్వాత ట్యాంకుల లోపల కెవ్లార్ అనే గట్టి నార పొరలు వేసి, కొత్తరకం టైర్లు అమర్చి, 2001 నవంబరులో ప్రయాణికులతో మళ్లీ నడిపారు. అంటే ప్రమాదాన్ని దాటి అది తిరిగి వచ్చింది. ఎయిర్ ఫ్రాన్స్ 2003 మే నెలాఖరులో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అదే సంవత్సరం అక్టోబరు 24న సర్వీసులు ముగించినప్పుడు కారణాలు వేరు: ప్రయాణికులు తగ్గారు, నిర్వహణ ఖర్చు పెరిగింది, విమానానికి సాంకేతిక మద్దతు కొనసాగించలేమని ఎయిర్‌బస్ చెప్పేసింది.

వేర్లు ఇంకా లోతున ఉన్నాయి. గంటకు సుమారు 20 టన్నుల ఇంధనం తాగుతూ వంద మందినే మోసే విమానం అది. 1973 జనవరిలో అమెరికా విమాన సంస్థలు పాన్ ఆమ్, టీడబ్ల్యూఏ కొనకుండా వెనక్కి తగ్గాయి, అదే సంవత్సరం చమురు ధరలు భగ్గుమన్నాయి. మన ఎయిరిండియా కూడా ఒకప్పుడు రెండు కాంకార్డ్‌ల కోసం ముందస్తుగా పేరు నమోదు చేసుకుని, చివరకు తీసుకోలేదు. మొత్తం తయారైనవి 20, వాటిలో ప్రయాణికులను మోసినవి 14 మాత్రమే. ఆ 14నూ రెండు దేశాల సంస్థలే పంచుకున్నాయి. టీయూ-144 కథ ఇంకా చిన్నది. 1977 నవంబరు 1న మాస్కో నుంచి అల్మా-అటాకు ప్రయాణికులతో మొదలై, 55 సర్వీసులు తిరిగి, మరుసటి జూన్‌లోనే ఆగిపోయింది.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి చప్పుడు. ధ్వనిని మించి వెళ్లే విమానం నుంచి ఒత్తిడి తరంగం శంకువు ఆకారంలో వెనక్కి పరుచుకుంటుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి మరపడవ వేగంగా వెళ్లినప్పుడు దాని వెనుక వీ ఆకారంలో లేచిన అల, పడవ దాటిపోయిన కాసేపటికి గట్టును ఫట్టున కొట్టడం మీ పిల్లలు చూసే ఉంటారు. ఇది కూడా అలాంటిదే. విమానం ధ్వనివేగం దాటిన క్షణంలో ఒక్కసారి మాత్రమే మోగుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. దాటినంతసేపూ దాని దారి పొడవునా, కింద ఉన్న ప్రతి ఊరికీ ఆ చప్పుడు ఒకసారి వినిపిస్తుంది. అందుకే అమెరికా 1973లో నేల మీదుగా పౌర విమానాల సూపర్‌సోనిక్ ప్రయాణాన్ని నిషేధించింది. లండన్ నుంచి బహ్రెయిన్ మీదుగా సింగపూర్‌కు 1977 డిసెంబరులో మొదలైన సర్వీసు మలేషియా అభ్యంతరంతో మూడు రాకపోకలకే ఆగింది. 1979లో తిరిగి మొదలైనా, మన దేశపు గగనతలంలో ధ్వనివేగం దాటడానికి అనుమతి లేకపోవడంతో ఆదా అయ్యే సమయం తరిగిపోయి, 1980లో ముగిసిపోయింది. ఒకవైపు బ్రిటిష్ ఎయిర్‌వేస్ రంగులు, మరోవైపు సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులు వేసుకుని ఆ దారిలో తిరిగిన కాంకార్డ్ ఇప్పుడు న్యూయార్క్‌లోని ఇంట్రెపిడ్ మ్యూజియంలో ఉంది. సముద్రం మీద తప్ప పరుగెత్తలేని గుర్రానికి ఎన్ని దారులు దొరుకుతాయి? లాభసాటిగా మిగిలింది అట్లాంటిక్ ఒక్కటే. అక్కడ మాత్రం లండన్ నుంచి న్యూయార్క్‌కు మూడున్నర గంటల్లో చేర్చేది, 1996 ఫిబ్రవరి 7న ఎదురు దిశలో వస్తూ మూడు గంటల లోపే చేరింది.

లాసన్స్ బే

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ప్రమాదం తర్వాత అది మళ్లీ ఎగిరిందన్న సంగతి నాకు నిజంగా తెలియదు. నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

ఉక్కునగరం లోహం

నేను లోహశాస్త్రం చదువుకుని, తుప్పు నివారణ పనిలోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని. పై జవాబుల్లో రాని ఒక సంగతి చెప్పాలనిపించింది. కాంకార్డ్ ఎగిరినంతకాలం దాన్ని కాపాడింది కూడా ఆ వేడే. మామూలు విమానాల్లో ప్రయాణికుల ఊపిరి, తడి వల్ల శరీరపు పలకల లోపలి వైపు నీరు చేరి తుప్పుకు దారితీస్తుంది. కాంకార్డ్ ఎగిరిన ప్రతిసారీ వంద డిగ్రీల దాకా వేడెక్కి ఆ తడిని ఆవిరి చేసుకునేది. మ్యూజియంలో నిలబెట్టిన రోజు నుంచి ఆ రక్షణ పోయింది. ఎగిరే విమానానికి గాలి మేలు చేస్తుంది, నిలిచిన విమానానికి అదే గాలి శత్రువు.

మన సముద్రపు గాలి గురించి విశాఖవాసులకు కొత్తగా చెప్పనక్కర లేదు. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలు ఎన్నేళ్లు నిలుస్తాయో, ఫ్రిజ్ వెనుక భాగం ఎంత త్వరగా పొడి పొడి అవుతుందో అందరికీ తెలుసు. అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు, కాబట్టి అది బాగానే ఉందని భ్రమ పడతాం. కాని ఉప్పు తేమ సమక్షంలో ఉక్కు రివెట్టు లేదా బోల్టు అల్యూమినియం పలకను తాకిన చోట, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి అల్యూమినియం కరిగిపోతుంది. రంగు కింద పొక్కులు, రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే లోపల ఆ పని జరుగుతోందని అర్థం. హడ్సన్ నది ఒడ్డున ఆరుబయట నిలిచిన న్యూయార్క్ కాంకార్డ్‌ను 2023 ఆగస్టులో బల్లకట్టు మీద బ్రూక్లిన్‌కు తీసుకువెళ్లి, పాత రంగు గీకి, మరమ్మతు చేసి, కొత్త రంగు వేసి 2024 మార్చిలో తిరిగి తెచ్చారు. అన్నిటికంటే చివరగా ఎగిరిన కాంకార్డ్‌కు మాత్రం అది పుట్టిన బ్రిస్టల్‌లోనే ప్రత్యేకంగా ఒక పెద్ద షెడ్డు కట్టి, 2017 నుంచి అందులో ఉంచారు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి.

కాబట్టి టీచర్ గారూ, సిన్స్‌హైమ్‌లో ఆరుబయట ఉన్న ఆ రెండు విమానాల రివెట్ల వరుసలను దగ్గరగా ఫొటోలు తీసుకోండి. తిరిగి వచ్చాక మన టీయూ-142 రివెట్ల పక్కన పెట్టి పిల్లల చేత పోల్పించండి. అక్కడ వాన, మంచు ఉన్నాయి, ఉప్పు లేదు. ఇక్కడ ఏడాది పొడవునా ఉప్పే. ఏది ఎంత తిన్నదో పిల్లలే చెబుతారు.

భీమిలి టీచరు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను అడిగినది ఒక ప్రశ్న, మీరు ఇచ్చినది ఒక ఏడాది పాఠం. నిన్న తరగతిలో మర్రిపాలెం మాస్టారు చెప్పిన వేడి లెక్కను బోర్డు మీద వేయించాను. మైనస్ 37 వచ్చినప్పుడు తరగతి మామూలుగానే ఉంది, ప్లస్ 120 వచ్చేసరికి వెనుక బెంచీలో ఒక అబ్బాయి లేచి, "అంటే ముక్కు మీద నీళ్లు పోస్తే మరుగుతాయా టీచర్?" అని అడిగాడు. మొదట ప్రశ్న వేసిన అమ్మాయే వాడికి సమాధానం చెప్పింది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు వంద డిగ్రీల కంటే చాలా ముందే మరుగుతాయని చెప్పి కూర్చుంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

సిన్స్‌హైమ్‌లో చూడవలసినవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను: ముక్కు కీలు, రెక్క అంచు వంపులు, మీసాల రెక్కలు, కిటికీ కొలత, రివెట్లు. కిటికీని కొలవడానికి చిన్న స్కేలు కూడా సంచిలో పెట్టుకున్నాను.

మాస్టారూ, మీతో ఒక మనవి. నేను బయలుదేరేలోగా ఒక శనివారం మా పిల్లలను మళ్లీ టీయూ-142 దగ్గరకు తీసుకురావాలని అనుకుంటున్నాను. ఆ విమానం మీద చేయివేసి పనిచేసినవారు పక్కన నిలబడి చెబితే, నేను చెప్పేదానికీ దానికీ ఎంతో తేడా ఉంటుంది. మీ ఆరోగ్యం, వీలు చూసుకుని రాగలరా?

మర్రిపాలెం విశ్రాంత నావికుడు

తప్పకుండా వస్తానమ్మా. ఎండ ముదరకముందే, విమానం తలుపులు తెరిచే వేళకే అక్కడ ఉండేలా చూసుకోండి, మధ్యాహ్నమైతే లోపల పిల్లలు నిలబడలేరు. నలభై మందిని ఒకేసారి లోపలికి పంపకుండా పదేసి మంది చొప్పున పంపుదాం. మిగిలినవారిని నేను బయట ప్రొపెల్లర్ల దగ్గర నిలబెట్టి, ఒక్కో ఇంజిన్‌కు ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు ఎందుకు అమర్చారో చెబుతాను. ఆ ప్రొపెల్లర్ల కొసలు ధ్వనివేగాన్ని దాటేవి, ఆ విమానం మోత అంత దూరం వినిపించడానికి కారణం అదే. సూపర్‌సోనిక్ పాఠం ఆ కొసల దగ్గరే మొదలుపెట్టవచ్చు. ఆ అమ్మాయిని మాత్రం మొదటి పదిమందిలో ఉంచండి.